రూబులు పక్కన తేదీ వెయ్యి

తమ్ముడూ,

సోవియట్ ఆర్థిక వ్యవస్థ కూలడం మీద, ఆ తర్వాత రష్యా జనం పడ్డ అవస్థల మీద నువ్వు రాసిన వ్యాసం చిత్తుప్రతి అందింది. చదివించే వాక్యం నీది, అందులో అనుమానం లేదు. కానీ ఆఖరి సోవియట్ నేత గోర్బచేవ్ పేరు పేజీకి నాలుగుసార్లు ఉంది, కిలో మాంసం ధర మాత్రం ఒక్కచోటా లేదు. చిక్కంతా అక్కడే.

ఈ సంగతి మీద మనవాళ్లు రెండు రకాలుగా రాస్తారు. ద్రోహం జరిగిందని ఒకరు, అది మొదట్నుంచీ కూలాల్సిందేనని మరొకరు. ఇద్దరికీ లెక్కలతో పనిలేదు. 1991 డిసెంబరు 25న క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దిగడంతో ఇద్దరి కథా అయిపోతుంది. నువ్వు ధరను పట్టుకుని నడువు. దాదాపు ముప్పై ఏళ్లు కదలని ధర ఒకటి, ఆ తర్వాత ఆగమన్నా ఆగని ధర ఒకటి. నీ వ్యాసానికి ఈ రెండూ చాలు.

మొదలుపెట్టాల్సింది గోర్బచేవ్ గద్దెనెక్కిన 1985లో కాదు, 1962లో. ఆ జూన్‌లో ప్రభుత్వం మాంసం ధర 30 శాతం, వెన్న ధర 25 శాతం పెంచింది. దక్షిణ రష్యాలోని నోవోచెర్కాస్క్ రైలింజన్ల కర్మాగారంలో అదే సమయానికి కూలి రేట్లు కూడా తగ్గించారు. కార్మికులు రోడ్డెక్కారు. జూన్ 2న సైన్యం కాల్పుల్లో 26 మంది చనిపోయారు, తర్వాత ఏడుగురికి మరణశిక్ష వేశారు. ఈ సంగతి పాతికేళ్లు బయటికి పొక్కలేదు కానీ, పైవాళ్లెవరూ మరిచిపోలేదు. మళ్లీ మాంసం ధర ముట్టుకునే ధైర్యం 1991 ఏప్రిల్ దాకా ఎవరికీ రాలేదు. ప్రభుత్వ దుకాణంలో కిలో మాంసం రెండు రూబుళ్ల దగ్గరే ఆగిపోయింది. ఉత్పత్తి ఖర్చు పెరుగుతూ పోయింది, తేడా ఖజానా భరించింది. జీతాలు పెరిగాయి, కొనడానికి సరుకు లేదు. చేతిలో మిగిలిన డబ్బు పొదుపు బ్యాంకులో చేరింది. నువ్వు "కొరత" అని ఒక్క ముక్కలో తేల్చేసిన చోట ఇదంతా రావాలి. ప్రభుత్వ ధర వర్తించని సామూహిక క్షేత్రాల బజారుకు వెళ్తే అదే మాంసం దొరికేది, కాకపోతే రెండు మూడు రెట్ల ధరకు. క్యూ ఎక్కడిదంటే ఆ రెండు ధరల మధ్య తేడాలోంచి పుట్టింది.

ఫ్యాక్టరీ గురించి రాసేటప్పుడు ఆ పెద్ద మేకు కార్టూన్ దయచేసి వాడకు. టన్నుల్లో లక్ష్యం పెడితే ఒకే ఒక్క భారీ మేకు తయారుచేశారన్న జోకు అది. ప్రతివాడూ వాడి అరగదీశాడు. అసలు యంత్రాంగం అంతకంటే ఆసక్తిగా ఉంటుంది, దాన్నే వివరించు. ఏం తయారు కావాలో గోస్‌ప్లాన్ చెబుతుంది, ముడిసరుకు ఎవరు ఎవరికి ఇవ్వాలో గోస్‌స్నాబ్ చెబుతుంది, ధర మరో కమిటీ నిర్ణయిస్తుంది. ఇక డైరెక్టరు ఏం చేస్తాడు? ఈ ఏడు 100కు బదులు 110 చేస్తే వచ్చే ఏటి లక్ష్యం 110 నుంచి మొదలవుతుంది. కాబట్టి ఉన్న సామర్థ్యం దాచిపెడతాడు. సరఫరా మీద నమ్మకం లేదు కాబట్టి కావలసినదానికంటే ఎక్కువ ఉక్కు అడిగి గోదాములో పోగేస్తాడు. అది పట్టుకురావడానికి "తొల్కాచ్" అనే మనిషిని ఊళ్లు తిప్పుతాడు. నెల మొదట్లో పని నత్తనడక, ఆఖరి పదిరోజుల్లో హడావుడి. నష్టమొస్తే మంత్రిత్వశాఖ పూడుస్తుంది, ఏ ఫ్యాక్టరీ మూతపడదు. ఈ చివరి మాట నీ వ్యాసంలో లేదు. 1990ల కథ సగం అర్థం కావాలంటే ఇదే తాళం చెవి.

1985 నుంచి 1991 దాకా నువ్వు రాసిన ఎనిమిది పేరాలు రెండు చెయ్యి. చమురు ధర 1986లో సగానికి పైగా పడిపోయింది. ధాన్యం దిగుమతికి డాలర్లు కావాలి, ఆ డాలర్లు చమురువే. మద్య వ్యతిరేక ప్రచారంతో వోడ్కా మీది పన్ను రాబడికి గండి పడింది. 1988 జనవరి నుంచి అమల్లోకొచ్చిన ప్రభుత్వ సంస్థల చట్టం లాభాలు ఉంచుకోవచ్చు, జీతాలు పెంచుకోవచ్చు అంది. ధరలు మాత్రం పాతవే, దివాలా భయం లేదు. జీతాలు ఎగబాకాయి. ఇక్కడ ఎవరూ రాయని వివరం ఒకటుంది: సోవియట్ యూనియన్‌లో రూబుళ్లు రెండు రకాలు. సంస్థల మధ్య ఖాతాల్లో తిరిగే రూబులు ఒకటి, జీతంగా చేతికొచ్చే నోటు ఇంకొకటి. మొదటిది రెండోదిగా మారకుండా గోడ ఉండేది. అదే 1988లో వచ్చిన సహకార సంఘాల (పేరుకే సంఘాలు, నిజానికి చిన్న ప్రైవేటు వ్యాపారాలు) చట్టం ఆ గోడకు కన్నం పెట్టింది. ఖాతాల్లోని డబ్బు నోట్లయి దుకాణాల మీద పడింది, ఉన్న కాస్త సరుకూ ఖాళీ అయింది. జెండా దిగడం కంటే నాకు ఈ కన్నమే ముఖ్యం.

ఇప్పుడు నీ లెక్కల తప్పులు. 1992 జనవరి 2న రష్యా ధరలు వదిలేసింది. రొట్టె, పాలు, ఇంధనం లాంటి కొన్నింటికి మాత్రం పరిమితులు ఉంచింది. ఆ ఏడాది ధరలు సుమారు 2,500 శాతం పెరిగాయని రాసి, "అంటే 25 రెట్లు" అన్నావు. వంద శాతం పెరిగితే రెట్టింపు కదా, 2,500 శాతమంటే 26 రెట్లు. పాఠకుడికి శాతాలు వద్దు. ఒక ఉపాధ్యాయురాలు పొదుపు బ్యాంకులో 5,000 రూబుళ్లు దాచుకుందనుకో. 1992 చివర ఆ మొత్తంతో వచ్చేది, ఏడాది ముందు 200 రూబుళ్లు కూడా పెట్టనక్కర్లేని సరుకు. ఇలా రాయి.

రూబులు అంకె పక్కన తేదీ లేకపోతే ఆ అంకె పనికిరాదు. 1980ల చివర అధికారిక మారకపు రేటు డాలరుకు దాదాపు 60 కోపెక్కులు (వంద కోపెక్కులు ఒక రూబులు). బయట ఆ రేటుకు ఎవడూ డాలరు ఇవ్వడు. 1992 జూలైలో రకరకాల మారకపు రేట్లన్నీ ఒకటి చేసినప్పుడు డాలరుకు 125 రూబుళ్లు. 1997 చివరికి 6,000 దగ్గర. 1998 జనవరి 1న మూడు సున్నాలు కొట్టేశారు కనక అదే 6 అయింది. ఆ ఆగస్టు 17న ప్రభుత్వం బాకీలు కట్టలేనని చేతులెత్తేసింది, ఏడాది చివరికి డాలరు 20 రూబుళ్లు దాటింది. నీ ఐదో పేజీలో 1995 జీతాన్ని 1999 జీతంతో నేరుగా పోల్చావు. ఆ పోలిక కొట్టెయ్యి.

ప్రభుత్వ సంస్థల్లో వాటాలు తీసుకోవడానికి జనానికి పంచిన వోచర్ల పేరా బాగుంది: 1992 అక్టోబరు నుంచి మనిషికొకటి, ముఖవిలువ 10,000 రూబుళ్లు. ఒక్కోటి రెండు వోల్గా కార్ల విలువ చేస్తుందని ప్రైవేటీకరణ నడిపించిన చుబైస్ అన్న మాట కూడా పెట్టావు, ఉంచు. ఒక్కటి కలుపు: ఎక్కువ సంస్థలు ఎంచుకున్న పద్ధతిలో 51 శాతం వాటా సిబ్బందికే వెళ్లింది, పెత్తనం పాత డైరెక్టర్ల చేతిలోనే మిగిలింది. అసలు సంపద చేతులు మారింది, ప్రభుత్వం తన వాటాలు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్న 1995 చివరి వేలంపాటల్లో. నోరిల్స్క్ నికెల్ అనే గనుల సంస్థలో 38 శాతం వాటా 17 కోట్ల డాలర్ల చిల్లరకు పోయింది, పాట నిర్వహించిన ఒనెక్సిమ్ బ్యాంకు పక్షమే గెలిచింది. రెట్టింపుకు పైగా ఇస్తానన్న పోటీదారును పక్కకు తోసేశారు. ఇక్కడ విశేషణాలు అక్కర్లేదు, అంకెలే తిడతాయి.

మూతపడని ఫ్యాక్టరీ ఇప్పుడు మళ్లీ వస్తుంది. ఉత్పత్తి కూలినంతగా ఉద్యోగాలు పోలేదు. జనాన్ని తీసెయ్యకుండా జీతాలు నెలల తరబడి ఆపారు, డబ్బుకు బదులు సరుకు ఇచ్చారు, సంస్థలు ఒకదానికొకటి వస్తుమార్పిడితో బతికాయి.

మగవాళ్ల సగటు ఆయుర్దాయం 1990లో 64 దగ్గర ఉండి 1994కు 58 కిందికి పడిపోయిన సంగతి రాసి, మొత్తం నేరం ధరల విడుదల మీద మోపావు. తొందరపడకు. మద్య వ్యతిరేక ప్రచారం 1985 తర్వాత కొన్ని చావులను వాయిదా వేసింది. తర్వాతి పెరుగుదలలో అవీ ఉన్నాయి. రెండు కారణాలూ చెప్పు, వాదన బలపడుతుందే తప్ప తగ్గదు.

పోలికకు పోలండ్‌ను ఒక పేరాలో తెచ్చినా చాలు. 1990 జనవరిలో అక్కడా ఒక్కసారే ధరలు వదిలారు, 1991లో అప్పులిచ్చిన దేశాలు తమ బాకీలో సగం మాఫీకి ఒప్పుకున్నాయి. చైనాను మాత్రం తీసెయ్యి. 1978లో అక్కడ పనిచేసేవాళ్లలో 70 శాతం పొలాల్లో ఉన్నారు, ఆ కథ వేరు.

చివరి పేజీలో మన ఊళ్ల సంగతి కావాలని అంటించినట్టుంది. చౌక సోవియట్ తెలుగు పుస్తకాలు అందరూ తలచుకునేవే. వాటి బదులు పొగాకు తీసుకో. సోవియట్ యూనియన్ మన పొగాకుకు పెద్ద కొనుగోలుదారు, చెల్లింపు డాలర్లలో కాదు, రూపాయి ఖాతాలో. ఆ ఏర్పాటు పోయాక గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుకు ఏమైందో వేలం ధరలు చూసి రాయి. పొగాకు బోర్డు గుంటూరులోనే ఉంది, వార్షిక నివేదికలు అడుగు. ఆయుధాల తాలూకు మన రూబులు బాకీ మాత్రం రూబులుతోపాటు కరిగిపోలేదు. 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్ట్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు బజారు రేటుతో కాక పాత రేట్లతో దాన్ని రూపాయల్లోకి మార్చి, వాయిదాల్లో తీర్చేలా ఒప్పందం చేసుకున్నారు. ఆ రూపాయలతో రష్యా మన సరుకే కొనాలి. 1990 నుంచి 1995 దాకా ఏ ఏడు ఎంత పొగాకు వెళ్లిందో పట్టిక ముందు పంపు, పేరా తర్వాత చూద్దాం.