ఆపరేషన్‌కి ముందు మాత్రలు ఆపాలా, వేసుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 68 ఏళ్లు. పోయిన వారం పేపర్ చదువుతుండగా కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట ముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో సర్దుకుంది. స్కాన్‌లో మెడలో ఎడమవైపు రక్తనాళం 80 శాతం పూడుకుపోయిందని తేలింది. అప్పుడే ఆస్పిరిన్ మొదలుపెట్టారు. స్టెంట్‌కి తేదీ ఇచ్చి, ఐదు రోజుల ముందు నుంచి క్లోపిడోగ్రెల్ కూడా వేయమన్నారు. మా అమ్మకి హెర్నియా ఆపరేషన్‌కి ముందు ఆస్పిరిన్ ఆపించారు. నాన్నకేమో ఒకటి చాలదన్నట్టు రెండు! ఆయనకి గ్యాస్ ట్రబుల్ ఉంది, ఒక పన్ను కూడా తీయించాలి. తలలో రక్తస్రావం అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఒక మాత్ర సరిపోదా? ఎన్నాళ్లు వాడాలి?

జవాబు: అమ్మా, మీ అమ్మగారికి ఆపించడమూ సరైనదే, నాన్నగారికి వేయమనడమూ సరైనదే. హెర్నియాకి కోత పెడతారు కాబట్టి రక్తం ఎక్కువగా పోతుందని భయం. స్టెంట్‌కి అంత కోత ఉండదు. గజ్జలోనో మణికట్టు దగ్గరో సూదితో గుచ్చి, సన్నటి గొట్టాన్ని మెడ దాకా పంపుతారు. ఇక్కడ అసలు భయం రక్తం గడ్డ కడుతుందేమోనని.

స్టెంట్ అంటే లోహంతో అల్లిన చిన్న జాలీ గొట్టం. దాన్ని పెట్టి, బెలూన్‌తో పూడికను అదిమినప్పుడు రక్తనాళం లోపలి పొర అక్కడక్కడా చిట్లుతుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లకి అది గాయం కిందే లెక్క, వెంటనే వచ్చి అతుక్కుంటాయి. వేలు తెగినప్పుడు మనల్ని కాపాడే గుణమే ఇక్కడ ముప్పు తెస్తుంది. ఆవగింజంత గడ్డ ఊడినా రక్తంతోపాటు పైకి, మెదడుకో కంటికో పోతుంది.

ఒక మాత్ర ఎందుకు చాలదంటే, ప్లేట్‌లెట్లని గుమిగూడమని చెప్పే కబుర్లు ఒకటి కాదు. థ్రాంబాక్సేన్ అనే పదార్థం ద్వారా వెళ్లే కబురును ఆస్పిరిన్ ఆపుతుంది. ఏడీపీ అనే మరో పదార్థం తెచ్చే కబురు ప్లేట్‌లెట్‌కి చేరకుండా క్లోపిడోగ్రెల్ అడ్డుపడుతుంది. ఒక దారే మూస్తే రెండోది తెరిచే ఉంటుంది. ఆస్పిరిన్‌తో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే ఇంజెక్షన్) ఇచ్చినవారినీ, ఆస్పిరిన్‌తో క్లోపిడోగ్రెల్ ఇచ్చినవారినీ పోల్చిన ఒక చిన్న అధ్యయనం 2005లో వచ్చింది. మెదడుకి సంబంధించిన ఇబ్బందులు రెండు మాత్రల వారిలో ఎంత తక్కువగా కనిపించాయంటే, అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

ఐదు రోజుల ముందే ఎందుకంటారా? క్లోపిడోగ్రెల్ మింగగానే పనిచేసే మందు కాదు. కాలేయంలో మారాకే దానికి బలం వస్తుంది. రోజుకి 75 మిల్లీగ్రాముల చొప్పున వేసుకుంటే పూర్తి ప్రభావానికి కొన్ని రోజులు పడుతుంది. అత్యవసరమైతే ఒకేసారి 300 లేదా 600 మిల్లీగ్రాములు ఇస్తారు. కాబట్టి మధ్యలో ఒక రోజు మర్చిపోతే దాచకుండా చెప్పండి. తిడతారేమోనని "అన్నీ వేశాం సార్" అనేవాళ్లని చాలామందిని చూశాను. చెబితే మోతాదు సర్దుతాం, లేదా తేదీ మారుస్తాం. చెప్పకపోతేనే ప్రమాదం.

ప్రొసీజర్ జరుగుతున్నప్పుడు బరువును బట్టి హెపారిన్‌ని రక్తనాళంలోకి ఇస్తారు. గడ్డ కట్టడానికి ఎన్ని సెకన్లు పడుతోందో అక్కడే పరీక్ష చేస్తూ, సాధారణంగా 250 నుంచి 300 మధ్య ఉండేలా చూస్తారు. ఊడిన ముక్కలు పైకి పోకుండా చాలాసార్లు గొడుగులాంటి చిన్న వడపోత కూడా పెడతారు. అదంతా వాళ్లు చూసుకుంటారు. ఇంటికొచ్చాక కాపలా మీదే.

పన్ను సంగతి చదవగానే నాకు ఒకాయన గుర్తొచ్చారు. స్టెంట్ వేసి రెండు వారాలైంది. పంటి నొప్పి వస్తే, రక్తం పల్చబడే మందులు ఆపి రమ్మని ఎవరో చెప్పారట. రెండూ ఆపేశారు. ఆరో రోజు పొద్దున చొక్కా గుండీ పెట్టుకోలేకపోయారు. స్టెంట్‌లో గడ్డ కట్టింది. ఆయన భార్య మాత్రల స్ట్రిప్ తెచ్చి నా చేతిలో పెట్టారు, ఆరు మాత్రలు అలాగే ఉన్నాయి. మాట తిరిగొచ్చింది గానీ చేతికి మునుపటి పట్టు రాలేదు. అందుకే గట్టిగా చెబుతున్నాను: స్టెంట్ వేసిన డాక్టర్‌ని అడగకుండా ఎవరు చెప్పినా ఆపకండి. పన్ను ఆగగలిగేదైతే రెండు మాత్రల గడువు ముగిసేదాకా ఆగండి. నొప్పి భరించలేనిదైతే మాత్రలు వేసుకుంటూనే తీయించవచ్చు. రక్తం కాస్త ఎక్కువసేపు వస్తుంది, దూది అదిమి, అవసరమైతే కుట్టు వేసి ఆపుతారు.

రెండు మాత్రలూ కనీసం నాలుగు వారాలు వాడాలి. ఆలోగా లోహం మీద కొత్త పొర పెరుగుతూ వస్తుంది. కొందరికి ఇంకొంతకాలం పొడిగిస్తారు. తర్వాత ఒక్కటే, మామూలుగా ఆస్పిరిన్, జీవితాంతం.

గ్యాస్ ట్రబుల్‌కి ఇంట్లో ఒమెప్రజోల్ ఉంటే దాన్ని సొంతంగా మొదలుపెట్టకండి, అది క్లోపిడోగ్రెల్ బలాన్ని తగ్గిస్తుంది. పాంటోప్రజోల్ లాంటిది రాయమని అడగండి. ఒళ్లు నొప్పులకి ఐబూప్రొఫెన్ కూడా వద్దు.

మీ భయం లేనిపోనిది కాదు. చిగుళ్ల నుంచి కాస్త రక్తం, చర్మం మీద కమిలిన మచ్చలు మామూలే. మలం తారులా నల్లగా వస్తే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించండి. తలలో రక్తస్రావం అరుదు. దానికి మాత్రల కంటే బీపీ అదుపు తప్పడం పెద్ద కారణం. ఇన్నాళ్లూ తక్కువ రక్తానికి అలవాటుపడిన మెదడుకి ఒక్కసారిగా నిండు ప్రవాహం వస్తుంది కదా. అందుకని తొలి వారాల్లో ఇంట్లో బీపీ చూస్తూ ఉండండి. ఒక పక్కన విపరీతమైన తలనొప్పి, ఫిట్స్, చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకొకటి. స్టెంట్ రోజున పరగడుపున రమ్మంటారు. అంటే మాత్రలు కూడా మానేయాలని చాలామంది అనుకుంటారు. సాధారణంగా ఆ పొద్దున కూడా రెండింటినీ గుక్కెడు నీళ్లతో వేసుకోమంటాం. మీ నాన్నగారికి ఎలాగో ముందు రోజే అడిగి, చీటీ మీద రాయించుకోండి.