ముప్పై మంది పిల్లలతో క్యాంపింగ్‌కి వెళ్తే పొద్దున టిఫిన్ ఏం పెట్టాలి?

గుంటూరు నుంచి 30 మంది ఇంటర్, డిగ్రీ పిల్లలతో రెండు రాత్రులు కొండవీడు వైపు క్యాంప్ వేస్తున్నామని, రెండు రోజులూ పొద్దున టిఫిన్‌కి ఏం చేయాలో చెప్పమని మీరు అడిగారు. పెసరట్టు, ఇడ్లీ అనుకుంటున్నామని కూడా రాశారు. ఆ రెండూ వద్దండీ. కాలేజీ ఎన్ఎస్ఎస్ క్యాంపుల్లో వంట వైపు చూసుకునే పని చాలాసార్లు నామీదే పడింది కాబట్టి చెబుతున్నాను.

మనిషికి రెండేసి చొప్పున 60 అట్లు కావాలి. ఒక్కోదానికి రెండు నిమిషాలు వేసుకున్నా ఒక పెనం మీద రెండు గంటలు. చివరివాడికి అట్టు అందేసరికి మొదట తిన్నవాడికి మళ్లీ ఆకలేస్తుంది. ఇడ్లీ మనిషికి నాలుగంటే 120. ఇరవై ఇడ్లీల పాత్రలో ఆరు వాయిలు వేయాలి, గంట పైమాటే. పైగా మన ఎండలకు రుబ్బుకెళ్లిన పిండి తెల్లారేసరికి పులిసి పొంగి మూత తోసుకుని బయటికొస్తుంది. అందరికీ ఒకే గుండిగలో ఒకేసారి అయ్యేవి మాత్రమే పెట్టుకోండి.

మొదటి రోజుకి నా ఓటు ఉప్మాకే. పేరు వినగానే పిల్లలు మూతి ముడుస్తారు, నిజమే. కానీ ఇంట్లో తినే ఉప్మా వేరు, చలిగాలికి లేచి కూర్చున్నప్పుడు పొగలు కక్కుతూ ఆకులో పడే ఉప్మా వేరు. దీని పని ముప్పాతిక వంతు ఇంట్లోనే అయిపోవాలి. 3 కిలోల బొంబాయి రవ్వ తీసుకోండి, ఈ వయసు పిల్లలకి కిలో పదిమందికి సరిపోతుంది. నూనెలో ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, దండిగా జీడిపప్పు వేసి తిరగమోత పెట్టి, అందులోనే రవ్వ కమ్మటి వాసన వచ్చేదాకా సన్నసెగ మీద వేయించండి. కరివేపాకు గలగలలాడాలి, తడి ఉండకూడదు. పూర్తిగా చల్లారాక డబ్బాకెత్తి మూత పెడితే రెండు మూడు రోజులు ఢోకా లేదు. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం మాత్రం అక్కడే తరగాలి.

క్యాంపులో కాస్త నూనె వేసి అవి మగ్గించి, 10 లీటర్ల పైచిలుకు నీళ్లు పోసి, ఉప్పు వేసి మరగబెట్టడమే. అన్ని నీళ్లు మరగడానికి ఇంటి స్టవ్ మీద అరగంట దాటుతుంది, గాలి వీస్తే ఇంకా ఎక్కువ. అందుకని పిల్లల్ని లేపకముందే పొయ్యి వెలిగించాలి. గాలి వచ్చే వైపు ఇటుకలో రేకో అడ్డం పెట్టండి, సిలిండర్ మాత్రం ఆ అడ్డానికి అవతల, దూరంగా ఉండాలి. నీళ్లు తెర్లుతుంటే ఒకరు రవ్వ సన్నగా జారవిడవాలి, ఇంకొకరు గరిటె ఆపకుండా తిప్పాలి. ఇద్దరూ కబుర్లలో పడ్డారో, ఉండలే. మంట తీసేసి మూతపెట్టి పది నిమిషాలు వదిలేస్తే రవ్వ నీళ్లు పీల్చుకుని పొడిపొడిగా వస్తుంది.

నంజుకోవడానికి కొబ్బరి చట్నీ జోలికి పోకండి, ఎండకి ఇట్టే పాడవుతుంది. నల్లకారం, పుట్నాల పొడి, నెయ్యి సీసా, మాగాయ ఉంటే చాలు. గుంటూరు పిల్లలకి కారప్పొడి పెట్టకపోతే టిఫిన్ పెట్టినట్టే లెక్క కాదు.

రెండో రోజు పులిహోర. చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఇంట్లోనే ఉడికించి సీసాలో పెట్టుకోండి, కిలో బియ్యానికి సుమారు 100 గ్రాముల చింతపండు. అన్నం మాత్రం పొద్దునే వండండి. రాత్రి వండిన అన్నాన్ని గుండిగలో అలాగే మూతపెట్టి ఉంచితే మధ్యలో వేడి ఆరక పాడవుతుంది, కడుపులు చెడతాయి. వార్చిన అన్నాన్ని శుభ్రమైన గుడ్డ మీద పల్చగా ఆరబోసి కలిపితే మెతుకు విరగదు. మిగిలింది పొట్లాలు కట్టుకుని కొండ ఎక్కేటప్పుడు పట్టుకెళ్లొచ్చు. కోతుల కంట పడకుండా సంచిలో దాచండి.

పక్కన ఏదో ఒక బలమైనది ఉండాలి. 30 గుడ్ల అట్ట ఒకటి కొంటే లెక్క సరిగ్గా సరిపోతుంది. ఉడికించి పెంకుతోనే ఇచ్చేయండి, వాళ్లే ఒలుచుకుంటారు. గుడ్డు తిననివాళ్లకి ముందురోజు రాత్రి నానబెట్టిన శనగల గుగ్గిళ్లు. వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలు ఎవరైనా ఉన్నారా అని బయల్దేరకముందే తల్లిదండ్రుల్ని అడిగి రాసుకోండి.

టీకి బదులు రాగి జావ పెట్టి చూడండి. 6 లీటర్లకి 350 గ్రాముల పిండి చాలు. ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేయాలి. 2023లో ప్రభుత్వ బడుల్లో కూడా ఇవ్వడం మొదలుపెట్టారు కాబట్టి అక్కడ చదువుకున్న చాలామంది పిల్లలకి రాగి జావ కొత్తేం కాదు. వద్దనేవాళ్లు ఉంటారు, బలవంతం చేయకండి, అరటిపండ్ల గెల ఒకటి వేలాడదీసి ఉంచితే అదే అయిపోతుంది.

పనులు రాత్రే పంచేయండి: తరిగేవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు, వడ్డించేవాళ్లు, అంట్లు తోమేవాళ్లు. అబ్బాయిలకి బరువులు, అమ్మాయిలకి తరుగుడు అని విడదీయొద్దు. మా క్యాంపుల్లో ఉప్మా గరిటె తిప్పడానికి అబ్బాయిలే పోటీ పడేవాళ్లు.

గాడిపొయ్యి తవ్వి కట్టెలు రాజేద్దామని మీలో ఎవరో అన్నారట. కొండవీడు చుట్టూ అడవి ఉంది. రిజర్వ్ ఫారెస్టులో మంట పెట్టడం నేరం, కేసు పెడతారు. గ్యాస్ అయినా సరే, మీరు దిగే చోట పొయ్యి పెట్టనిస్తారో లేదో ముందే కనుక్కోండి. 5 కిలోల చిన్న సిలిండర్ తెస్తామంటే గ్యాస్ టిఫిన్ల వరకు సరిపోతుంది గానీ, దాని నెత్తిన బిగించే బర్నర్ మీద 20 లీటర్ల గుండిగ నిలవదు. షామియానాలు, వంట సామాన్లు అద్దెకిచ్చే షాపులో ఇనప స్టాండున్న పొయ్యి, గుండిగ, పెద్ద గరిటెలు రెండు అడగండి. రెగ్యులేటరు, పైపు అక్కడే బిగించి చూసుకుని మరీ తీసుకెళ్లండి.