మందు వేసినా ఏలికపాములు మళ్లీ వస్తుంటే

సోదరా, నెల క్రితమే మందు తాగించినా పందిపిల్లలు పొట్ట ఉబ్బి, బక్కచిక్కి దగ్గుతున్నాయని రాశారు. పేడలో పడిన తెల్లటి జానెడు పురుగు ఏలికపామే. మందు పనిచేసే ఉంటుంది, చిక్కంతా మీ మట్టినేలలో ఉంది.

ఒక్క ఆడ పురుగు రోజుకు లక్షల్లో గుడ్లు పెడుతుంది. జిగురుగా ఉండే ఆ గుడ్లు నేలకూ తల్లిపంది పొదుగుకూ అంటుకుంటాయి, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. ఫినాయిల్‌కు చావవు. పందిపిల్ల ఆ గుడ్లను మింగాక వాటిలోంచి వచ్చే లార్వాలు (చిన్న పిల్లపురుగులు) కాలేయం గుండా ఊపిరితిత్తులకు చేరతాయి. దగ్గు అందుకే వస్తుంది. కోసినప్పుడు కాలేయం మీద పాలచుక్కల్లాంటి మచ్చలు ఉన్నాయేమో చూడండి.

ముందు పేడంతా ఎత్తేసి, గచ్చు ఉన్నచోట మరిగే నీళ్లు పోసి కడిగి బాగా ఆరనివ్వండి. ఈనడానికి 10–14 రోజుల ముందు తల్లికి ఫెన్‌బెండజోల్ అనే పురుగుల మందు ఇప్పించండి. ఈనే గదిలోకి తోలేముందు పొదుగును సబ్బునీళ్లతో రుద్ది కడగండి, దీన్ని మాత్రం దయచేసి వదిలేయకండి. మింగిన గుడ్డు పెద్ద పురుగై గుడ్లు పెట్టడానికి 6–8 వారాలు పడుతుంది, కాబట్టి పిల్లలకు ఆలోపే మళ్లీ మందు పడాలి. మోతాదు బరువును బట్టి పశువైద్యుడే చెప్పాలి.

పేడలో నెత్తురు, జిగట కనిపిస్తే కొరడా పురుగు అనే మరో పేగుపురుగు కావచ్చు. దానికి ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఒక్కటే సరిపోదు, పేడ పరీక్ష చేయించండి.