జంట సైకిల్‌ని కారెక్కించడం గురించి తమ్ముడికి

చి. తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో "సైకిల్ అయితే వచ్చింది అన్నయ్యా, దాన్ని కారు మీదకి ఎవరెక్కిస్తారు, మన వయసులో అయ్యే పనేనా" అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నాకు 72, మీ వదినకి 68. ఆరేళ్లుగా మా ఇద్దరమే మా టాండెమ్‌ని, అంటే ముందొకరు వెనకొకరు కూర్చుని తొక్కే జంట సైకిల్‌ని, కారెక్కిస్తున్నాం, దింపుతున్నాం. అది 23 కిలోలు. అయ్యే పనే.

మీ వదినకి గ్లాకోమా వచ్చి పక్క చూపు తగ్గాక స్కూటీ మానేసింది, తర్వాత ఒంటరిగా రోడ్డు దాటడం కూడా మానేసింది. ఇప్పుడు తనకి గాలి మొహానికి కొట్టేలా వెళ్లే బండి ఇదొక్కటే. మా ఇంటి ముందు ట్రాఫిక్‌లో దాన్ని తొక్కలేం. మా హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) పక్కన సైకిల్ ట్రాక్ వేశారు కదా, 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల నీడ, 2023లో తెరిచారు. అక్కడిదాకా చేరితే చాలు, మిగతాదంతా హాయి. అంటే కారెక్కించడం ఆగిన రోజు మా ఆదివారాలు కూడా ఆగిపోతాయి. అందుకని నేను తొక్కడం కన్నా ఎక్కువ శ్రద్ధ దీని మీదే పెట్టాను.

అసలు విషయం చెప్తాను. ఆ సైకిల్‌ని మొత్తంగా ఎప్పుడూ ఎత్తొద్దు. ఒక కొస కారు మోయాలి, రెండో కొస మాత్రమే మీరు మోయాలి. సైకిళ్లని కారు టాపు మీద పెట్టే మామూలు క్యారియర్ దీనికి పనికిరాదు. ఒంటి సైకిల్ చక్రాల మధ్య దూరం మీటరు చిల్లర, టాండెమ్‌కి మీటరున్నర దాటుతుంది, వెనక చక్రం గాల్లో వేలాడుతుంది. టాండెమ్ కోసమే చేసిన పొడుగు ట్రే కావాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ముందు ఫోర్కుని (ముందు చక్రం బిగించే రెండు కాళ్ల రాడ్డుని) పట్టే బిగింపు అటూ ఇటూ తిరిగేలా ఉండాలి. మాది అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు తెచ్చాడు. డబ్బు పెట్టాల్సింది దీనికే.

మేం చేసేది ఇలా. కారుని చదునైన చోట ఆపి హ్యాండ్‌బ్రేక్ వేస్తాను. మీ విశాఖలో అన్నీ ఏటవాలు రోడ్లే కాబట్టి చక్రం కింద ఒక రాయి కూడా పెట్టు. సైకిల్ మీదున్న సీసాలు, బ్యాగు, పంపు, తాళం అన్నీ తీసేస్తాం, దాంతోనే మూడు కిలోలు తగ్గుతాయి. ముందు చక్రం విప్పి డిక్కీలో పెట్టేస్తాను. ఇప్పుడు సైకిల్‌ని కారు పక్కన అడ్డంగా, ముందు భాగం కారు వైపు ఉండేలా నిలబెడతాం. మీ వదిన వెనక బ్రేకు గట్టిగా పట్టుకుంటుంది. నేను ముందు భాగం మాత్రమే లేపి, ఫోర్కుని పైనున్న బిగింపులో కూర్చోబెట్టి లాక్ చేస్తాను. వెనక చక్రం ఇంకా నేల మీదే ఉంటుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఊపిరి తీసుకుంటాం. తర్వాత నేను వెనక చక్రం దగ్గర, తను వెనక సీటు కింద ఫ్రేము పట్టుకుని, లేపి, గేటు మూసినట్టు మెల్లగా కారు వెనక్కి నడుస్తూ తిప్పి ట్రేలో దించుతాం. మా ఇద్దరి చేతుల మీద పడేది సగం బరువే, పది పదకొండు కిలోలు. నడుము తిప్పకు, పాదాలు కదుపు. బరువు చేతిలో ఉండగా స్టూలు ఎక్కొద్దు. అందనంత ఎత్తుగా ఉంటే ఆ కారే దీనికి సరైంది కాదు. ఎస్‌యూవీ కొందామనుకుంటున్నావని విన్నాను. నీ పాత సెడానే ఉంచుకో, దాని టాపు దాదాపు మీటరున్నర ఎత్తులో ఉంటుంది, చేతికి అందుతుంది. టాపు మీద ఎన్ని కిలోలు పెట్టొచ్చో కారు పుస్తకంలో ఉంటుంది, క్యారియర్ బరువు కూడా కలిపి లెక్క చూసుకో.

సైకిల్‌ని ట్రేకి కట్టే బెల్టుల దగ్గర మాత్రం మీ వదిన మాటే ఆఖరు మాట. నేను రాచెట్ (బెల్టుని లాగి పట్టి ఉంచే మర) బిగించేశాక తను కారు చుట్టూ చేత్తో తడుముకుంటూ వస్తుంది. ఒక్కో బెల్టునీ వీణ తీగ మీటినట్టు వేలితో మీటి చెవి ఒగ్గి వింటుంది. గట్టిగా ఉంటే టంగుమంటుంది, వదులుగా ఉంటే చప్పుడు చచ్చిపోతుంది. "రెండోది వదులు" అంటే నా కళ్లకి ఎంత బాగా కనిపించినా మళ్లీ బిగిస్తాను. ఆరేళ్లలో తను పొరబడింది లేదు. బయల్దేరాక ఐదు కిలోమీటర్లకి ఒకసారి ఆగి మళ్లీ చూస్తాం, రెండు మూడు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి ఏదో ఒకటి సడలుతుంది. మరదలికి కూడా ఈ పని అప్పజెప్పు. సైకిల్ ఇద్దరిదీ కాబట్టి ఎక్కించే పని కూడా ఇద్దరిదీ కావాలి.

కారు వెనక డిక్కీకి అడ్డంగా తగిలించే స్టాండు చవగ్గా దొరుకుతుందని ఎవరైనా చెప్తే వినకు. టాండెమ్ పొడుగు ఎనిమిది అడుగులు, కారు వెడల్పు ఆరడుగులు కూడా ఉండదు. రెండు పక్కలా అడుగుకి పైగా పొడుచుకొస్తుంది, పక్కన వెళ్లే బైకు వాళ్లకి ప్రమాదం. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టంలో 194(1ఎ) సెక్షన్ కింద ఇలా పక్కకి పొడుచుకొచ్చే లోడుకి 20,000 జరిమానా ఉంది. నెంబర్ ప్లేటు కూడా కనపడదు.

ఇప్పుడు నేను చేసిన రెండు తప్పులు చెప్తాను, నువ్వు చేయకు.

ఒకసారి అనంతగిరి కొండల నుంచి తిరిగొచ్చి, అలసిపోయి, అలవాటుగా అపార్ట్‌మెంట్ సెల్లారులోకి దిగాను. పైన సైకిల్ ఉందన్న సంగతే గుర్తు లేదు. హ్యాండిల్ వెళ్లి బీముకి కొట్టుకుంది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. క్యారియర్ రాడ్డు వంగింది, కారు టాపు సొట్టపడింది. సెడాన్ మీద సైకిల్ ఉంటే మొత్తం ఎత్తు రెండున్నర మీటర్లు. ఆ రోజు నుంచి సైకిల్ పైనుంటే స్టీరింగ్‌కి ఒక పసుపు రుమాలు కట్టుకుంటాను. సైకిల్ దిగేదాకా రుమాలు విప్పను. నువ్వూ కట్టుకో, రైల్వే అండర్ బ్రిడ్జిల దగ్గర కూడా గుర్తు చేస్తుంది.

రెండోది నడుముది. పొద్దున ఇంటి దగ్గర ఎక్కించడం సులువే. కష్టమంతా తిరుగు ప్రయాణంలో ఉంది. ముప్పై కిలోమీటర్లు తొక్కాక కాళ్లు వణుకుతుంటాయి, ఎండ ఎక్కుతుంటుంది, తొందరగా ఇల్లు చేరాలనిపిస్తుంది. ఆ తొందరలో ఒక్కడినే వెనక కొస లేపబోయి నడుము పట్టేసింది, రెండు వారాలు మంచం దిగలేదు. ఇప్పుడు తొక్కడం అయ్యాక ముందు నీడన కూర్చుంటాం, మజ్జిగ తాగుతాం, కనీసం పావుగంట. ఆ తర్వాతే సైకిల్ ముట్టుకుంటాం.

ఎవరో ఒకరు "అంకుల్, పట్టుకోమంటారా" అంటూ వస్తారు. మంచి పిల్లలు. కానీ ఎక్కడ పట్టుకోవాలో ముందు చెప్పి తర్వాత చేయి వేయనివ్వు. ఘాట్ దిగాక చక్రం దగ్గరుండే బ్రేకు డిస్కు కాలిపోతుంటుంది, ఇద్దరి బరువు ఆపింది కదా. దాన్ని ముట్టుకోవద్దని అన్నిటికన్నా ముందు చెప్పు.

మీ సముద్రపు గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. బీచ్ రోడ్డు నుంచి, ముఖ్యంగా భీమిలి దాకా వెళ్లొచ్చిన రోజు, క్యారియర్ బోల్టులు, రాచెట్లు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి చుక్క నూనె వెయ్యి. తుప్పు పట్టిన రాచెట్ సగంలో పట్టేస్తుంది, బిగిసిందనుకుని మోసపోతావు.

ఇంకో మూడు నాలుగేళ్లకి నేను కూడా భుజం ఎత్తు దాకా లేపలేకపోవచ్చు. అప్పటికి ఏడు సీట్ల బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, వెనక సీట్లు మడిచి, రెండు చక్రాలూ విప్పి, పాత దుప్పటి మీద లోపలికి జార్చేద్దామని అనుకుంటున్నాం. నడుము ఎత్తు దాటి లేపే పని ఉండదు. మీ వదిన అప్పుడే ఏ దుప్పటో కూడా తీసి పెట్టింది.

నువ్వు మాత్రం ఇప్పుడే ఏదీ కొనకు. ముందు టేపు తీసుకుని కారు టాపు మీద రెండు రాడ్లు ఎంత దూరంలో బిగించొచ్చో, సైకిల్ ఫోర్కు కొస నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఎంతుందో కొలిచి, ఆ రెండు కొలతలూ నాకు పంపు. మీ సెల్లారు ఎత్తు కూడా.

మరదలికి మా ఆశీస్సులు.

మీ అన్నయ్య