కార్బైడ్ ఉలి స్క్రూ అరిగిందా? కొత్తది కొనేముందు

లేత్ (కర్రని గిర్రున తిప్పే యంత్రం) మీద చింత కర్ర గిన్నె లోపల తొలుస్తుంటే ఉలి కొనకి స్క్రూతో బిగించిన కార్బైడ్ బిళ్ళ వణుకుతోందని, స్క్రూ బిగిద్దామంటే కీ జారిపోతోందని రాశారు కదండీ. కొత్త ఉలి కొనేయకండి, ఆగండి.

ముందు స్క్రూ తలలోని నక్షత్రం గుంట చూడండి. అందులో పొట్టు చేరి గట్టిపడి ఉంటుంది. సూదితో గీకితే కీ అడుగుదాకా దిగుతుంది. నేను అరిగిందనుకున్న స్క్రూల్లో సగం ఇలాంటివే. అప్పటికీ జారితే కీకీ స్క్రూకీ మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, గట్టిగా నొక్కుతూ తిప్పండి. బిళ్ళ ఊడాక దాని కింద చోటు కూడా శుభ్రంగా తుడవండి. కార్బైడ్ గట్టిదే కానీ పెళుసు. కింద నలుసు ఉండగా బిగిస్తే పగలొచ్చు.

ఇక ఉలి తయారుచేసినాయనకి ఫోన్ చేయడానికి మొహమాటం ఎందుకు? కొని రెండేళ్ళయింది, ఏమనుకుంటాడో అంటున్నారు. నేనూ నా ఉలి చిన్న వర్క్‌షాప్ నడిపే ఒకాయన దగ్గరే కొన్నాను. స్క్రూని పొట్టుతో కలిపి ఊడ్చేశాను, తప్పు నాదే. డబ్బులెంతని అడిగితే నాలుగు స్క్రూలు, ఒక కీ కవర్లో పెట్టి పంపాడు. కొరియర్ ఖర్చు కూడా తీసుకోలేదు. పైగా లేత్ ఫోటో పెట్టమని, చూసి, "ఉలి ఆనించే రెస్ట్ బాగా కిందికుంది సార్, బిళ్ళ అంచు కర్ర తిరిగే సెంటర్ ఎత్తుకి రావాలి, ఉలి నేలకి సమాంతరంగా పట్టండి" అన్నాడు. నా ఉలి వణుకు సగం దాంతోనే పోయింది.

చింత కర్ర ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్రంత మెత్తన కాదు, కొంచెం కొంచెంగా తీయండి. ఫోన్ చేసేముందు రెస్ట్ కనిపించేలా పక్కనుంచి ఒక ఫోటో తీసి ఉంచుకోండి, అదే అడుగుతాడు.