మైకు ఆఫ్ చేసుకుని ఆడే కుర్రాడికి

ప్రశ్న: సార్, మాది గుణుపురం. ప్లస్ టూ సైన్సు రెండో సంవత్సరం. వయసు 17. రెండేళ్లుగా ఫోన్‌లో బీజీఎంఐ (నలుగురేసి టీమ్‌లుగా దిగి, చివరిదాకా బతకడానికి తుపాకులతో పోరాడే ఆట) ఆడుతున్నాను. ప్రతి సీజన్‌లోనూ ఏస్ అనే పై ర్యాంకు దాకా వస్తాను, అక్కడే ఆగిపోతాను. మా ఊళ్లో నెట్ సరిగా ఉండదు, ఆటే జతచేసే ర్యాండమ్ టీమ్‌మేట్లు పనికిరానివాళ్లు తగులుతారు. ఈమధ్య ఒక టీమ్ స్క్రిమ్స్‌కి (టీమ్‌ల మధ్య సాధన మ్యాచ్‌లకి) పిలిచింది గానీ, చివరి జోన్‌లో (ఆట చివర అందరూ చేరాల్సిన చిన్న చోటులో) చేతులు వణుకుతాయి, బుర్ర పనిచేయదు. వాళ్లంతా హిందీలో మాట్లాడతారు. నా హిందీ విని నవ్వారని మైకు ఆఫ్ చేసుకుని ఆడుతున్నాను. సాయంత్రం ఓడితే పట్టుదలతో రాత్రి రెండు దాకా ఆడుతూనే ఉంటాను. కిరాణా కొట్టు నడిపే మా నాన్న 'ఈ ఆటలు కూడు పెడతాయా' అంటున్నారు. నేను ప్రో ప్లేయర్ అవగలనా? నా మైండ్‌సెట్ ఎలా మార్చుకోవాలి?

జవాబు: బాబూ, ప్రో అవుతావా లేదా అన్నది తర్వాత చూద్దాం. నువ్వు ఎందుకు ఆగిపోయావన్నది ముందు తేల్చాలి. నీ ఉత్తరంలో నెట్, టీమ్‌మేట్లు, చేతులు, హిందీ అన్నీ ఒకే మూటలో కట్టేశావు. వీటిలో కొన్ని నిజంగా బయటి ఇబ్బందులు, కొన్ని మనసువి. రెండూ కలిసిపోయినంతకాలం ఏదీ బాగుపడదు.

నెట్ సంగతి ముందు. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు వర్షాకాలంలో నెట్ ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, అది సాకు అని కొట్టిపారేయను. కానీ పింగ్, అంటే నెట్ ఎంత ఆలస్యం చేస్తోందో, ఆట తెర మీదే చూపిస్తుంది కదా. ఒక వారం పాటు, చచ్చిన ప్రతిసారీ రెండు విషయాలు రాసుకో: అప్పటి పింగ్ ఎంత, చావుకు ముందు పది సెకన్లు నువ్వు ఏం చేశావు. వారం తర్వాత ఆ కాగితం ముందేసుకుని చూడు. పింగ్ ఎర్రగా ఉన్నప్పుడే ఎక్కువ చస్తున్నావా, పచ్చగా ఉన్నప్పుడు కూడా అంతే చస్తున్నావా? మొదటిదైతే పరిష్కారం సులువు. నెట్ బాగుండే వేళల్లో ఆడు, లేదా స్క్రిమ్స్ రోజున బ్రాడ్‌బ్యాండ్ ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్లు. రెండోదైతే నెట్‌ను తిట్టడం ఆ రోజుతో ఆపెయ్యాలి. మీ నాన్నగారు కొట్టు కట్టేసే ముందు గల్లా లెక్క చూసుకుంటారు చూడు, బేరం లేని రోజు కూడా. ఇదీ అలాంటి లెక్కే.

టీమ్‌మేట్ల మాటకు వస్తే, ర్యాండమ్‌లో మంచివాళ్లు, చెడ్డవాళ్లు అందరికీ సమానంగానే దొరుకుతారు. కొన్ని వందల మ్యాచ్‌లు ఆడాక అన్నిటిలోనూ ఉన్నది నువ్వొక్కడివే. అంతకంటే దీనిమీద చెప్పడానికేమీ లేదు.

ఇంకో లెక్క చెబుతాను, ఇది చాలామంది కుర్రాళ్లకు తట్టదు. స్క్రిమ్స్‌లోనూ టోర్నమెంట్లలోనూ ఒక మ్యాచ్‌లో 16 టీమ్‌లు దిగుతాయి. అందరూ సమానంగా ఆడేవాళ్లే అనుకున్నా నీ టీమ్ సగటున 16 మ్యాచ్‌లకు ఒక్కసారి గెలుస్తుంది. మిగతా 15 సార్లు ఓటమే. క్రికెట్‌లో, కబడ్డీలో ఇద్దరిలో ఒకరు గెలుస్తారు కాబట్టి మనకు ఆ లెక్కే అలవాటు. అదే అలవాటుతో ఇక్కడికి వచ్చి, వరసగా నాలుగు ఓడేసరికి 'నాలో ఏదో లోపముంది' అనుకుంటారు. అందుకే పెద్ద టోర్నమెంట్ల పాయింట్ల పట్టికలో మొదటి స్థానానికి 10, రెండో స్థానానికి 6, మూడో స్థానానికి 5, ఒక్కో ఫినిష్‌కి (చంపిన ఒక్కో శత్రువుకి) 1 అని ఇస్తారు. రోజంతా ఒక్క మ్యాచ్ గెలవకుండా, మూడో నాలుగో స్థానాల్లో నిలకడగా ఉన్న టీమ్ పట్టికలో పైన కనిపించడం మామూలే. 'గెలిచామా' అని అడగడం మానెయ్. 'ఈ మ్యాచ్‌లో ఎన్ని పాయింట్లు వదిలేశాం, ఎక్కడ వదిలేశాం' అని అడుగు.

ఏస్ దగ్గర ఆగిపోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. చూసుకో, నీకు ఆటలో లేని నియమాలు ఏమైనా ఉన్నాయా? నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో సగం మందికి ఉంటాయి. 'ఇంట్లో దాక్కుని ఆడేవాడు పిరికివాడు', 'ఇద్దరు కొట్టుకుంటుంటే మూడోవాడు వచ్చి కొట్టడం అన్యాయం', 'మగాడైతే పోచింకీలోనే (మ్యాప్‌లో అందరూ కొట్టుకునే ఊళ్లోనే) దిగాలి'. ఇవి ఎవరు రాశారు? ఆట రాయలేదు, టోర్నమెంటు వాళ్లూ రాయలేదు. ఈ నియమాలు పెట్టుకున్నవాడికి ఒక సౌకర్యం ఉంది. ఓడినప్పుడల్లా 'నేను నిజాయితీగా ఆడాను, వాడు చచ్చు ఆట ఆడాడు' అని తనకు తాను మంచి మార్కులు వేసుకోవచ్చు. ఆ సుఖం మరిగితే ఎదుగుదల అక్కడితో సరి. హ్యాక్ వాడితే తప్పు, అకౌంటు అమ్ముకుంటే తప్పు. నక్కి కూర్చోవడం ఆటలో భాగం. నిన్ను చంపిన ఎత్తు చచ్చుదని తిట్టేముందు, దాన్ని ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఒక స్నేహితుడితో పదిసార్లు చేయించుకుని, ఎలా తప్పించుకోవాలో కనుక్కో.

ర్యాంకు కూడా ఒక ఉచ్చే. ఏస్ పేరు పోతుందేమోనని భయంభయంగా ఆడేవాడు కొత్తది ఏదీ ప్రయత్నించడు. ఎటూ సీజన్ మారగానే ఆ ర్యాంకు కిందికి పడుతుంది. పడిపోయేదాన్ని కాపలా కాయడం దేనికి? కొత్త తుపాకీ, కొత్త దారి, గైరో (ఫోన్‌ను వంచి గురి చూడటం) అలవాటు, ఏది నేర్చుకోవాలన్నా మొదటి రెండు వారాలు నువ్వు ఇప్పటికంటే అధ్వాన్నంగా ఆడతావు. ఆ రెండు వారాలు భరించలేకే చాలామంది పాత అలవాటు దగ్గరే ఉండిపోతారు.

ఇక మైకు. నీ ఉత్తరంలో నాకు ఇదే అన్నిటికంటే పెద్ద విషయంగా కనిపించింది, నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు. నలుగురి ఆటలో మాట్లాడనివాడు ఉన్నా లేనట్టే. నువ్వు శత్రువును చూశావు, చెప్పలేదు, పక్కవాడు చచ్చాడు. వాళ్ల దృష్టిలో నీ గురి ఎంత మంచిదైనా నువ్వు సగం ఆటగాడివే. రేపో మాపో నిన్ను టీమ్‌లోంచి తీసేస్తే 'నా గురి చాలలేదు' అనుకుంటావు. అసలు కారణం మైకు అయి ఉంటుంది.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు, ఆటలో హిందీ. మన సరిహద్దు ఊళ్ల పిల్లలందరిదీ ఇదే కథ. బరంపురం కాలేజీలో చేరితే ఒడియాకు నవ్వుతారు, విశాఖ వెళ్తే తెలుగు యాసకు నవ్వుతారు, ఆటలో హిందీకి నవ్వుతారు. కానీ ఆటలో కావలసిన హిందీ ఎంతో లెక్కపెట్టావా? 'పీఛే', 'ఊపర్', 'రుకో', 'కవర్ దో', 'స్మోక్ డాల్', 'నాక్ హై', 'జోన్ ఆ రహా హై'. ఇలాంటివి ముప్ఫై ఉంటే గొప్ప. మిగతాదంతా తెర పైన దిక్సూచి చూపించే అంకెలే. '105, చెట్టు వెనక ఒకడు' అన్నది ఏ భాషలోనైనా మూడే ముక్కలు. ఆ ముప్ఫై మాటలు రాసుకుని, నీ పాత మ్యాచ్ రికార్డింగు పెట్టుకుని, తెర మీద శత్రువు కనిపించినప్పుడల్లా బయటికి గట్టిగా చెప్పు. తలుపు వేసుకునే చెప్పు, పరవాలేదు. నాలుగు రోజులు పోయాక స్క్రిమ్స్‌లో మైకు ఆన్ చేసి, వేరే ఏ ముచ్చటా పెట్టుకోకుండా కాల్స్ (శత్రువు ఎక్కడున్నాడో చెప్పే మాటలు) మాత్రమే ఇవ్వు. ఎవరైనా నవ్వితే నవ్వనీ. ముందుగా, కచ్చితంగా చెప్పేవాడి మాట కోసం టీమ్ చెవులు రిక్కించుకుంటుంది, వాడి 'హై'లో యాస ఉందో లేదో వారం తర్వాత ఎవరికీ పట్టదు. అప్పటికీ ఎగతాళి ఆపకపోతే అది చెడ్డ టీమ్. వేరే టీమ్ వెతుక్కో.

చేతులు వణకడం జబ్బు కాదు. గుండె వేగం పెరిగినప్పుడు వేళ్లలోని సన్నని కదలికలు దెబ్బతింటాయి, ఎవరికైనా అంతే. దాన్ని పూర్తిగా ఆపలేవు గానీ తగ్గించవచ్చు. ఊపిరి తీసుకున్న దానికంటే వదలడం రెట్టింపు సేపు చెయ్యి, నాలుగైదు సార్లు. చివరి జోన్‌లో 'నేను తప్పు చేస్తానేమో' అని ఆలోచించకుండా చేయవలసిన ఒక్క పని పైకి అను: 'ముందు స్మోక్, తర్వాత ఎడమ రాయి'. బుర్రకు ఆ పని దొరికితే వేళ్లను గమనించడం మానేస్తుంది. వేళ్లను గమనిస్తే అలవాటైన కదలిక కూడా తడబడుతుంది. ఇంకొకటి, సాధనలోనే ఒత్తిడి తెచ్చుకో. టీడీఎంలో (రెండు టీమ్‌లు మాత్రమే తలపడే చిన్న మ్యాచ్‌లో) స్నేహితుల్ని వెనక నిలబెట్టుకుని, వాళ్లు చూస్తుండగా ఆడు. మ్యాచ్ రోజున ఆ చూపులు కొత్తగా ఉండవు.

రాత్రి రెండు సంగతి. 18 నిండనివాళ్లకు ఆ ఆట రోజుకు మూడు గంటలే ఇస్తుంది. నువ్వు సాయంత్రం నుంచి రాత్రి రెండు దాకా ఆడుతున్నావంటే ఎవరి అకౌంటులో లాగిన్ అవుతున్నావో నాకు చెప్పక్కర్లేదు. కోపంతో ఆడిన మ్యాచ్‌లో నువ్వు నేర్చుకునేది తప్పుల్నే, అవే అలవాటవుతాయి. వరసగా రెండు మ్యాచ్‌లు కోపం తెప్పిస్తే ఫోన్ వంటింట్లో పెట్టి పడుకో. కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ చెస్ పోటీ మొదటి రౌండ్‌లోనే ఓడిపోయింది. 11 రౌండ్లు ముగిసేసరికి 8.5 పాయింట్లతో రెండోసారి చాంపియన్ అయింది. ర్యాపిడ్‌లో రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య ఏడవడానికి టైమ్ ఎక్కడిది? ఓటమిని పక్కన పెట్టి తర్వాతి బోర్డు ముందు కూర్చోవాల్సిందే. నిద్ర, చదువు, తిండి అన్నీ వదిలేసేంతగా ఆట పట్టేసిందనిపిస్తే మాత్రం 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్‌కు ఫోన్ చెయ్. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ఇప్పుడు ప్రో ప్రశ్న. నీ ఆట చూడకుండా అవుననీ కాదనీ చెప్పే సలహాదారును నమ్మకు. ఈ-స్పోర్ట్స్‌కు మన ప్రభుత్వం 2022 డిసెంబరులో గుర్తింపు ఇచ్చింది, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాలిచ్చారు, అవన్నీ నిజమే. బీజీఎంఐకి ముందున్న పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో నిషేధించడమూ, బీజీఎంఐ 2022 జులైలో స్టోర్ల నుంచి మాయమై 2023 మే దాకా రాకపోవడమూ అంతే నిజం. ఒక్క యాప్ మీద బతుకు కడితే ఇలాంటి పది నెలలు ఎలా గడుస్తాయో ఆలోచించు. యాభయ్యో వందో వేసి 'కిల్‌కు ఇంత' అని ఆడే రూముల జోలికి అసలు పోకు. డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన చట్టం నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది.

కాబట్టి ప్లస్ టూ వదలకు, జేఈఈ మెయిన్ రాయి. ఒడిశాలో బీటెక్ సీట్లు ఆ ర్యాంకుతోనే ఓజేఈఈ కౌన్సెలింగ్‌లో ఇస్తారు. కంప్యూటర్ సైన్సు చదవడానికి మీ ఊళ్లోనే కాలేజీ ఉంది. ఆడేవాళ్లకంటే ఆట చుట్టూ పనిచేసేవాళ్లే ఎక్కువమంది కావాలి: కామెంటరీ చెప్పేవాళ్లు, కెమెరా కోణం నడిపే అబ్జర్వర్లు, మ్యాచ్‌లు విశ్లేషించేవాళ్లు, వీడియో ఎడిటర్లు, గేమ్ టెస్టర్లు. తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చిన కుర్రాడికి కామెంటరీలో చోటు ఉంది. అయితే దానికీ మైకు ఆన్ చేయాలి.

నాన్నగారితో కొట్లో బేరాల మధ్య మాట్లాడకు, రాత్రి కొట్టు కట్టేశాక మాట్లాడు. ప్రో అవుతానని మాట ఇవ్వకు. కాగితం మీద రాసి చూపించు: పరీక్షలయ్యేదాకా స్క్రిమ్స్ వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటలు, రాత్రి పదిన్నరకు ఫోన్ ఆయన దగ్గర. పరీక్షలయ్యాక ఆరు నెలలు గట్టిగా ప్రయత్నం. ఆ ఆరు నెలల్లో ఏ మెట్టు ఎక్కకపోతే ప్రో ఆలోచన మానేస్తావో అదీ రాయి, అంకెతో సహా. ఆయన అంకె మార్చమంటే బేరమాడు, ఒప్పుకున్నాక ఇద్దరూ సంతకం పెట్టండి.