సుత్తి ఎత్తే ముందు రాయిని తడిపి చూడు

చి. స్వాతికి, మామయ్య ఆశీస్సులు.

రెసిన్ ట్రేలలో పొదగడానికి ముడి రాళ్లు కిలోల లెక్కన తెప్పించావనీ, బాల్కనీలో కూర్చుని కొడదామనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. కొట్టుకో, కాదనను. బాల్కనీలో మాత్రం వద్దు. టైల్స్ పగులుతాయి, కింది ఫ్లాట్ వాళ్లు పైకొస్తారు, ఎగిరిన పెచ్చు రోడ్డు మీద ఎవరికి తగులుతుందో చెప్పలేం. పార్కింగ్ పక్కన మట్టి నేల మీద ఇసుక బస్తా పరిచి, దాని మీద మందపాటి ఇనుప పలక వేసుకో. చప్పుడు సగం తగ్గుతుంది.

రాయి పగలకపోతే బలం చాలలేదనుకుంటారు అందరూ. గట్టిదనం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. మన గోల్కొండ పేరు చెప్పుకునే వజ్రాన్నే తీసుకో. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేలు మీద 10, దాని మీద గీత పెట్టడం ఇంకో వజ్రం వల్లే అవుతుంది. అయినా లోపల సహజంగా చీలే పొర వెంట దెబ్బ పడితే నున్నగా రెండుగా చీలుతుంది. సుత్తితో కొట్టి అసలు వజ్రమో కాదో తేల్చే పెద్దమనుషులకు ఇది తెలియదు పాపం. సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీర్, నూర్జహాన్‌ల కత్తులు చూశావుగా, వాటికి వాడిన జేడ్ అనే రాయి గట్టిదనం 6, 7 మధ్యే. కానీ లోపల సన్నటి పీచు అల్లుకుపోయి ఉంటుంది కనుక ఓ పట్టాన పగలదు. నీ సంచీలో జేడ్ ఉంటే పక్కన పెట్టెయ్, చెయ్యి నొప్పి తప్ప ఏమీ మిగలదు.

ముందు రాయిని నీళ్లలో ముంచి తీసి, ఎండలో పట్టుకుని చూడు. పైన తడి ఆరిపోతుంటే కొన్నిచోట్ల సన్నటి నల్లటి గీతలు మిగులుతాయి. పగుళ్లలో చేరిన నీళ్లు ఆలస్యంగా ఆరతాయి, అందుకు. ఆ గీతలకు చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకో. దెబ్బ అక్కడ పడాలి. గోటితో తట్టినా తెలుస్తుంది: పగులున్న రాయి బొంగురుగా పలుకుతుంది.

అమెథిస్ట్, రోజ్ క్వార్ట్జ్ లాంటి క్వార్ట్జ్ (స్ఫటికం) రాళ్లకు చీలే పొర అంటూ ఉండదు. పగిలితే సీసా పెంకులా వంకీలు తిరిగి, అంచు బ్లేడులా వస్తుంది. చంద్రకాంత శిల (మూన్‌స్టోన్) రెండు దిక్కుల్లో చీలి చదునైన ముక్కలిస్తుంది, నీ ట్రేలకు అదే అందం. ఫ్లోరైట్ నాలుగు దిక్కుల్లో చీలుతుంది, చిన్న దెబ్బ చాలు.

పాత జీన్స్ గుడ్డ రెండు మడతలు పెట్టి రాయిని మూట కట్టు. అర కిలో సుత్తి సరిపోతుంది, రాణిగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. ఒక్క దెబ్బకు పని అయిపోవాలని కొట్టకు. గుర్తు మీద చిన్నగా తట్టు, మూట తిప్పు, మళ్లీ తట్టు. లోపల చప్పుడు మారగానే విప్పి చూడు. పెద్ద దెబ్బకు ముక్కలు రావు, సగం పొడే వస్తుంది. మరీ చిన్నవి కావాలంటే ఇనుప కల్వంలో వేసి, పైన గుడ్డ కప్పి దంచు. వంటింట్లోది కాదు, వేరేది కొనుక్కో. రాయిని కాల్చి చల్లటి నీళ్లలో వేసే వీడియోలు చూసి ఆ పని చేశావో, ఊరుకోను. లోపల నీటి బుడగ ఉంటే పేలి మొహాన పడుతుంది.

ఇక దుమ్ము. ఈ ఒక్క విషయంలో నేను చాదస్తుణ్ణే. క్వార్ట్జ్ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, రాళ్లు కొట్టే కూలీలకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు పట్టేది దానివల్లే. మూటను తడిపి ఉంచు, ఎన్95 మాస్క్ పెట్టుకో, అయ్యాక చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడువు. కళ్లకు గాగుల్స్ ఉండాలి, చదువుకునే కళ్లజోడు పనికిరాదు. చున్నీ ముడి వేసుకో, కాళ్లకు బూట్లు. పచ్చచారల మాలకైట్ జోలికి అసలు వెళ్లకు, అందులో రాగి ఉంటుంది, ఆ పొడి మంచిది కాదు.

ముక్కల అంచులు నీళ్లలో ఎమరీ పేపర్ మీద రుద్దితే మొద్దుబారతాయి. ఆ నీళ్లు సింకులో పోయకు, అడుగున బురద పేరుకుని పైపు మూసుకుపోతుంది. బకెట్‌లో తేరనిచ్చి, బురద చెత్తలో వెయ్యి.

గార్నెట్లు మాత్రం కొట్టకు. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేటలో దొరికే రకం చాలావరకు పూసంత సైజులోనే వస్తాయి, అలాగే అతికించు.

నువ్వు పంపిన ఫొటోలో గులాబీ రంగు రాయి రోజ్ క్వార్ట్జో, దానికంటే మెత్తనిదైన కాల్సైటో పోల్చుకోలేకపోయాను. ఓ మూల ఇనుప మేకుతో గీసి చూడు. గీత పడి, అక్కడ నిమ్మరసం చుక్క వేస్తే బుడగలు వస్తే కాల్సైటే. ఏం తేలిందో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.

మీ మామయ్య